రహీమీ: సూరతు రేవు మహానౌక

సూరతు నగరానికి నైరుతి దిక్కున, తాపీనది సముద్రంలో కలిసే చోట, ఎడమగట్టున డుమస్ ఉన్నది. నల్లని ఇసుక పరచిన ఆ తీరం నేడు నగరవాసులకు సాయంకాలపు విహారస్థలం. నదికి ఆవలి గట్టున హజీరా, దానికి ఉత్తరాన సువాలీ. నాలుగు వందల యేండ్ల క్రిందట హిందూస్థానపు సముద్రవాణిజ్యంలో అధికభాగం ఈ కొద్దిపాటి తీరరేఖ ముందునుంచే సాగిపోయేది. సూరతు మహారేవని లోకమంతటా ప్రసిద్ధి కెక్కినా, నిజానికి పెద్ద ఓడ ఏదీ సరుకుతో సూరతు గట్టు చేరలేదు. నదీముఖంలో అడ్డంగా మేటవేసిన ఇసుకతిన్నె వాటిని లోనికి రానీయదు. పెద్ద నౌకలు తిన్నెకు వెలుపలనే లంగరు వేసి, పోటు వచ్చినప్పుడు చిన్న పడవలమీద సరుకునూ మనుషులనూ ఊరికి పంపవలసి వచ్చేది.

కోటకు దూరంగా, ఫిరంగుల రక్షణకు అందకుండా, రాజ్యానికి గడపలోనే ఉండికూడా ఇంటిలోపల లేనట్టుగా, ఆ ఓడలు అక్కడ నిలిచేవి. ఈ భూగోళ వివరాన్ని గుర్తుంచుకోకపోతే రహీమీ అనే నౌక కథ బోధపడదు.

రహీమీ మొగలు చక్రవర్తి జహంగీరు తల్లి మర్యమ్ ఉజ్జమానీ ఓడ. ఆమె అంబరు రాజు భార్‌మల్ కుమార్తె. 1562లో అక్బరు ఆమెను వివాహమాడినాడు. 1569లో ఆమెకు జహంగీరు జన్మించినాడు. అంతఃపురస్త్రీ అనగానే మన చరిత్రకథలలో కనబడే వీణలు, వనాలు, విరహాలు ఈమె విషయంలో చాలవు. ఆమె వర్తకురాలు. బయానా ప్రాంతపు నీలిమందును తన మనుషులచేత కొనిపించి ఎర్రసముద్రపు రేవులకు పంపించేది. దైవనామాలలో కరుణకు వాచకమైన 'రహీం' అనే పదంనుంచి ఆమె ఓడకు పేరు వచ్చింది. ఆ పేరు గల ఓడకు ఆ సముద్రంలో కరుణ ఎంతమాత్రం దొరికిందో ముందు తెలుస్తుంది.

ఆ కాలంలో ఎర్రసముద్రానికి పోయే భారతీయనౌకలలో రహీమీ అతి పెద్దదని పేరు. ఐరోపావారు దానిని యాత్రికుల మహానౌకగా ఎరిగి ఉన్నారు. అది యాత్రానౌక, వర్తకనౌక కూడా. మక్కా యాత్రికులు, వారితో పాటు తమ తమ మూటలతో చిన్న వర్తకులు, వారి అడుగున బేళ్ళకొద్దీ నూలుబట్టలు, పెట్టెలకొద్దీ నీలిమందు. ఒక చిన్న పట్టణమే తెరచాప ఎత్తుకొని సాగినట్టు. దాని ప్రయాణకాలాన్ని నిర్ణయించేది చక్రవర్తి కాదు, గాలి. వసంతం ముదరకముందే సూరతు విడిచి మోఖా, జిడ్డా రేవులకు చేరాలి. అక్కడ బేరాలు, యాత్ర ముగించుకొని, నైరుతి ఋతుపవనపు ఉద్ధృతి తగ్గే వేళకు, భాద్రపద ఆశ్వయుజాల ప్రాంతంలో, మళ్ళీ తాపీ ముఖానికి రావాలి. గాలి తప్పితే ఒక యేడు తప్పినట్టే.

అటువంటి ఓడమీద ఎవరెవరు ఏయే పనులు చేసేవారో అబుల్ ఫజలు తన 'ఆయినె అక్బరీ'లో వివరంగా వ్రాసిపెట్టినాడు. ఓడకు అధిపతి నాఖుదా. దారి, లోతు, నక్షత్రగతి తెలిసిన మార్గదర్శి ముఅల్లిం. నావికులకు పెద్ద టండేలు. లంగరు వేయించడం, ఓడను గట్టు చేర్చడం సర్‌హంగు పని. సరుకుల లెక్క వ్రాసేవాడు కర్రానీ. చుక్కాని పట్టేవాడు సుక్కాన్‌గీరు. స్తంభం పైకెక్కి దూరాన నేల కనబడినా, ఓడ కనబడినా, తుఫాను కనబడినా కేకవేసేవాడు పంజరీ. అడుగున ఊరిన నీటిని తోడిపోసేవాడు గుమ్తీ. వీరుగాక ఫిరంగులు పేల్చేవారు, భాండారి, తెరచాపలు ఎత్తి దించే ఖార్వాలు. సాత్‌గాఁవ్ రేవులో నాఖుదా జీతం 400 రూపాయలనీ, దానికి తోడు సొంత సరుకు వేసుకొనడానికి ఓడలో నాలుగు గదులు అతనికి ఇచ్చేవారనీ, ముఅల్లింకు 200 రూపాయలూ రెండు గదులూ అనీ అబుల్ ఫజలు లెక్క చెప్పినాడు. యజమాని లాభంతో పాటు నాఖుదా లాభం కూడా ఒకే ఓడలో ప్రయాణం చేసేదన్నమాట.

ఈ పట్టికను చదివే తెలుగువానికి అది పరాయిగా తోచదు. పారశీకుల సర్‌హంగు మన తీరాన సరంగు. అరబ్బుల సుక్కాను మన నోట చుక్కాని. లంగరు పారశీకమే, బందరు పారశీకమే. ఆ రెండవమాట మచిలీపట్టణానికి ఊరిపేరుగా స్థిరపడిపోయింది. కళాసీ అన్న పదం విశాఖపట్టణం, కాకినాడ రేవులలో నిన్నమొన్నటి వరకు నిత్యవ్యవహారంలో ఉన్నది. ఈ మాటలు దండయాత్రలతో రాలేదు. ఓడలమీద పక్కపక్కన నిలిచి ఒకే త్రాటిని లాగిన మనుషులు ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొన్నవి. సూరతునుంచి మోఖా వరకు, మచిలీపట్టణంనుంచి ఆచే వరకు, ఒక సముద్రానికి ఒక పదకోశం ఏర్పడింది. గోల్కొండ సుల్తానుల ఓడలుకూడా మచిలీపట్టణంనుంచి యాత్రికులతో, కలంకారీ బట్టలతో ఎర్రసముద్రానికి పోయేవి. రహీమీ ఆ ప్రపంచానికి చెందిన నౌక.

ఆ నౌకలు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చేది ముఖ్యంగా వెండి. అమెరికా ఖండపు గనులలో స్పెయినువారు తవ్వించిన వెండి, రియాళ్ళ రూపంలో ఐరోపా దాటి, తురుష్కుల దేశం మీదుగా మోఖాకు వచ్చి, అక్కడ మన బట్టకూ నీలికీ మారకంగా సూరతు చేరేది. సూరతు టంకశాలలో అది కరిగి మొగలు రూపాయి అయ్యేది. కాబట్టి రహీమీ ప్రయాణం రెండు రేవుల మధ్య సాగినా, దాని కడుపులో ఉన్న ధనం మూడు ఖండాలు తిరిగినది. అందుచేతనే దానిమీద ఇన్ని కన్నులు.

ఆ సముద్రం మీద అప్పటికి నూరేళ్ళుగా పోర్చుగీసువారి శాసనం నడుస్తున్నది. వారు ఇచ్చే కర్తాజ్ అనే అనుమతిపత్రం లేని ఓడను పట్టుకొని దోచడం తమ హక్కని వారు ప్రకటించుకొన్నారు. పత్రంలో ఓడపేరు, పరిమాణం, నాఖుదాపేరు, పోయే రేవు వ్రాయాలి. వారి రేవులో సుంకం కట్టాలి. వారు నిషేధించిన సరుకు వేయరాదు. 1572-73లో గుజరాతును జయించి తొలిసారి సముద్రతీరానికి వచ్చిన అక్బరు చక్రవర్తికి సైతం ఈ పత్రం తప్పలేదు. అతని మేనత్త గుల్‌బదన్ బేగం మక్కాయాత్రకు బయలుదేరి, పత్రం కుదరక సూరతులో దాదాపు ఏడాది వేచి ఉండవలసి వచ్చింది. ఆ పత్రాలమీద మేరీమాత, క్రీస్తు చిత్రాలు ముద్రించి ఉంటాయి కనుక వాటిని వెంట పెట్టుకొని సముద్రమార్గాన పోవడంకంటే యాత్ర మానడమే ధర్మమని ఆస్థాన పండితుడొకడు తీర్పు చెప్పినట్టు బదాయూనీ వ్రాసినాడు. అయినా యాత్రికులు పోతూనే ఉన్నారు. చక్రవర్తులు పత్రాలు తీసుకొంటూనే ఉన్నారు.

ఇక్కడ తెలుగుదేశపు శాసనమొకటి జ్ఞప్తికి రావడం సహజం. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం అది. తుఫానుకు చెదరి తమ తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడల సర్వస్వాన్నీ పూర్వరాజులు బలాత్కారంగా లాగుకొనేవారనీ, ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవారియెడల దయతో తాను నియమిత సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నాననీ ఆ రాజు చెప్పినాడు. ఆ సుంకం ముప్పదింట ఒకవంతు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవు వర్తకులకు మళ్ళీ అభయమిచ్చినాడు. మోటుపల్లి శాసనం, కర్తాజ్ పత్రం రెండూ రాజముద్ర పడిన వ్రాతలే, రెండింటిలోనూ సుంకం ఉన్నది. కాని ఒకదానిలో రాజు తన బలాన్ని తానే కట్టివేసుకొన్నాడు; రెండవదానిలో ఎదుటివాని ఓడను కట్టివేసినాడు. వ్రాసి ఇచ్చిన మాటను ఇచ్చినవాడే మన్నిస్తాడా లేదా అన్నది తరువాతి ప్రశ్న. రహీమీ బ్రతుకంతా ఆ ప్రశ్న మీదనే నడిచింది.

1608లో విలియం హాకిన్సు హెక్టరు అనే ఓడలో సూరతు చేరడంతో ఆంగ్లేయులు ఈ కథలోనికి వచ్చినారు. హాకిన్సు ఆగ్రాకు పోయి జహంగీరు ఆదరం సంపాదించినాడు. ఆ దినాలలోనే అతని సహచరుడు విలియం ఫించి నీలిమందు కొనడానికి బయానాకు పోయినాడు. అక్కడ మర్యమ్ ఉజ్జమానీ మనిషి మోఖాకు పంపవలసిన సరుకుకోసం బేరం కుదుర్చుకొంటూ ఉండగా, ఫించి ధర కొంచెం పెంచి దానిని తన్నుకొనిపోయినాడు. రాజమాత కుమారునితో మొర పెట్టుకొన్నది. దర్బారులో హాకిన్సు పలుకుబడి సడలిపోవడానికి ఉన్న కారణాలలో ఇది ఒకటి. నీలిమందు బస్తాల దగ్గర మొదలైన ఈ స్పర్ధ త్వరలోనే సముద్రం మీదికి పాకింది.

సర్ హెన్రీ మిడిల్టను అనే ఆంగ్ల నౌకాధిపతి 1610లో మోఖాలో తురుష్క అధికారిచేత బందీ అయి, 1611లో తప్పించుకొని సూరతుకు వచ్చినాడు. పోర్చుగీసు ఓడలు దారి కాచినా, సువాలీ దగ్గర పెద్ద ఓడలు నిలవదగిన లోతైన రేవు ఉన్నదని ఆంగ్లేయులు కనుగొన్నది అప్పుడే. వర్తకానికి అనుమతి మాత్రం లభించలేదు. కోపంతో అతడు 1612 ఫిబ్రవరిలో సూరతు విడిచి, ఎర్రసముద్రపు ముఖద్వారంలో కాపువేసి, అటు వచ్చే గుజరాతు ఓడలను ఒక్కొక్కటిగా ఆపినాడు. వాటిలో రహీమీ ఒకటి. అతడు ఎక్కి ఉన్నది 'ట్రేడ్స్ ఇంక్రీస్'. నాటి ఇంగ్లండు వర్తకనౌకలన్నిటిలో పెద్దది, రాజు జేమ్సు సమక్షంలో నీటిలోనికి దిగినది. ఇంగ్లండులోని పెద్ద వర్తకనౌక హిందూస్థానపు పెద్ద వర్తకనౌకను చెరపట్టింది. జాన్ సారిస్ అనే మరొక ఆంగ్ల నాయకుడు తన ఓడలతో వచ్చి అక్కడ కలిసినాడు.

వారు చేసినది దోపిడి అని వారు ఒప్పుకోరు. అది 'వర్తకం'. తమ ఉన్నిబట్టలనూ సీసాన్నీ తాము చెప్పిన ధరకు పుచ్చుకొని, తమకు కావలసిన నీలినీ నూలుబట్టలనూ తాము చెప్పిన ధరకే ఇవ్వవలెనని ఓడలవారిని నిర్బంధించినారు. అదిగాక విడుదలకు రొక్కం అడిగినారు. రహీమీ పక్షాన నాఖుదా ఒప్పుకొన్న మొత్తం 15,000 రియాళ్ళు. సూరతు మళ్ళీ వచ్చేటప్పుడు రూపాయలు కావలసిన వెండి అక్కడనే చేతులు మారింది.

ఆ నిర్బంధకాలంలో సారిస్ ఒక పని చేయించినాడు. పట్టుబడిన రహీమీని కొలిపించినాడు. ముందు కొయ్యనుంచి వెనుక కొయ్య వరకు నిడివి 153 అడుగులు, వెడల్పు 42 అడుగులు, లోతు 31 అడుగులు. రహీమీకి మనకు మిగిలిన రూపచిత్రం ఇదొక్కటే. దానిని గీసినది ఆ ఓడను కట్టిన వడ్రంగి కాదు, నడిపిన నాఖుదా కాదు, యజమానురాలి కరణం కాదు, చెరపట్టినవాడు. బందీని తూచినట్టు తూచి వ్రాసిన అంకెలవి. అయినా ఆ అంకెలలో ఒక ఆశ్చర్యం దాగదు. ప్రపంచం చుట్టివచ్చే ఓడలను చూచిన కన్నులకు ఆ ఓడ కొలువదగినదిగా కనబడింది.

రహీమీ విడుదలై సూరతు చేరింది. కాని నష్టం ఒక ఓడతో పోలేదు. ఆంగ్లేయులకు అనుమతి నిరాకరిస్తే సముద్రం మీద ఏమి జరుగుతుందో సూరతు వర్తకులకూ అధికారులకూ తెలిసివచ్చింది. అదే యేడు చివర థామస్ బెస్టు రెండు ఓడలతో సువాలీ దగ్గర పోర్చుగీసు నౌకాదళాన్ని ఎదుర్కొని నిలిచినాడు. సూరతులో వర్తకానికి ఆంగ్లేయులకు అనుమతి దొరికింది. పోర్చుగీసువారు దీనిని సహింపలేదు. తమ శత్రువులకు చోటిచ్చిన చక్రవర్తిని శిక్షించాలి. అతని సైన్యంతో నేలమీద తలపడడం వారి తరం కాదు. తాపీ ముఖంలో లంగరు వేసి ఉన్న ఓడ మాత్రం చేతికందే దూరంలో ఉన్నది.

1613 సెప్టెంబరులో, యాత్ర ముగించుకొని యాత్రికులతో, ఎర్రసముద్రపు ధనంతో తిరిగివచ్చిన రహీమీని సూరతు తిన్నె వెలుపలనే పోర్చుగీసువారు పట్టుకొన్నారు. ఓడమీద వారే ఇచ్చిన కర్తాజ్ ఉన్నది. దాదాపు 700 మంది మనుషులతో ఓడను గోవాకు తోలుకొనిపోయినారు. సరుకు విలువ లక్ష పౌనులని ఆంగ్ల వర్తకులు తమ ఉత్తరాలలో అంచనా కట్టినారు. ఇల్లు చేరినామనుకొని మూటలు సర్దుకొంటున్న యాత్రికులకు, గట్టు కనబడుతూ ఉండగానే, మరొక నిర్బంధయాత్ర మొదలయింది.

దర్బారు అట్టుడికిపోయింది. ఓడను తిరిగి ఇవ్వడానికి పోర్చుగీసువారు ఒప్పుకోలేదు. ఆంగ్లేయులను వెళ్ళగొట్టాలన్నది వారి పట్టు. జహంగీరు తన రాజ్యంలోని పోర్చుగీసువారిని బంధింపజేసినాడు. ఆగ్రాలోని జెసూటు చర్చిని మూయించినాడు. ఆ మతాచార్యులకు ఇస్తూవచ్చిన భృతి నిలిపివేసినాడు. ముకర్రబ్‌ఖానును పంపి డామన్‌ను ముట్టడింపజేసినాడు. ఇవన్నీ నేలమీది చర్యలే. లక్షలాది సైన్యానికి అధిపతి అయిన చక్రవర్తి, తన తల్లి ఓడను వెంబడించి తెచ్చే నౌక ఒక్కటి పంపలేకపోయినాడు. భూమిశిస్తుమీద నిలిచిన ఆ సామ్రాజ్యానికి సముద్రం ఆదాయమార్గమే గాని ఏలుబడి కాలేదు.

జహంగీరు స్వీయచరిత్రలో ఈ ఘటన కొద్ది వాక్యాలలో కనబడుతుంది. గోవా ఫిరంగులు ఒడంబడికకు విరుద్ధంగా సూరతు రేవుకు వచ్చే నాలుగు ఓడలను దోచి, ముసల్మానులను పలువురిని చెరపట్టినారనీ, ముకర్రబ్‌ఖానుకు గుర్రమూ ఏనుగూ ఖిలతూ ఇచ్చి పంపినాననీ మాత్రమే అతడు వ్రాసినాడు. రహీమీ పేరు లేదు. అది తల్లి ఓడ అన్న మాటా లేదు. అంతకు ముందటి యేడే ముకర్రబ్‌ఖాను గోవానుంచి తెచ్చిన సీమకోడిని, దాని మెడ రంగులు క్షణక్షణం ఎట్లా మారుతాయో, తలమీది తొండం ఎట్లా సాగి ముడుచుకొంటుందో, ఆ చక్రవర్తే ఎంతో మురిపెంతో వర్ణించినాడు. మన్సూరు అనే చిత్రకారుడు దానిని చిత్రించినాడు. గోవానుంచి వచ్చిన పక్షికి వర్ణన దక్కింది. గోవాకు పోయిన ఓడకు పేరైనా దక్కలేదు. అవమానం వ్రాయడానికి రాజులేఖిని ఇష్టపడదు. కీర్తివలెనే మౌనాన్ని కూడా చరిత్రకారుడు చదువుకోవాలి.

ఈ కలహంలో లాభపడినవారు ఆంగ్లేయులు. 1615 జనవరిలో నికొలాస్ డౌన్‌టను సువాలీ దగ్గర గోవా రాజప్రతినిధి అజెవెదో నౌకాదళాన్ని తిప్పికొట్టినాడు. ఆ సెప్టెంబరులోనే సర్ థామస్ రో ఇంగ్లండు రాజు దూతగా అదే తీరాన దిగినాడు. మూడేండ్ల క్రిందట రాజమాత ఓడను ఆపి రొక్కం వసూలు చేసినవారి దేశస్థుడు, ఇప్పుడు ఆ ఓడను కాపాడగలవారి ప్రతినిధిగా దర్బారుకు నడిచినాడు. పోర్చుగీసువారి భయానికి విరుగుడుగా ఆంగ్లేయుల స్నేహం అవసరమని మొగలులకు తోచింది. ఇద్దరి వైరంలో మూడవవారి ఓడ తాకట్టు పడింది. ఆ తాకట్టు విడిపించుకొనే ప్రయత్నంలో మరొక ఋణపత్రం మీద చేవ్రాలు పడింది.

రహీమీని మొదట చెరపట్టినవారికీ సముద్రం మేలు చేయలేదు. 'ట్రేడ్స్ ఇంక్రీస్' జావాలోని బాంటం దగ్గర మరమ్మతు సాగక పాడుపడి, చివరకు అగ్నికి ఆహుతి అయింది. మిడిల్టను 1613లో అక్కడనే మరణించినాడు. మర్యమ్ ఉజ్జమానీ 1623లో కన్నుమూసింది. సూరతునుంచి రాజనౌకలు పోవడం మాత్రం ఆగలేదు. షాజహాను కుమార్తె జహనారాకు 'సాహెబీ' అనే ఓడ ఉండేది. ఔరంగజేబు ఓడ 'గంజె సవాయీ'ని 1695లో ఆంగ్ల ఓడదొంగ హెన్రీ ఎవరీ దోచినప్పుడు, ఎనుబది యేండ్ల క్రిందటి కథ మళ్ళీ నడిచినట్టే నడిచింది: యాత్రికుల ఓడ, తిరుగుప్రయాణం, సూరతుకు అందవచ్చిన దూరం. చక్రవర్తి ఆగ్రహించి ఈసారి ఆంగ్ల వర్తకులను బంధించినాడు; మళ్ళీ శిక్ష పడినది నేలమీదనే.

ఆ కథలోని తరువాతి ఘట్టాలు తెలుగుతీరానికీ తెలిసినవే. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఆంగ్లేయులు మచిలీపట్టణం చేరినారు. డచ్చివారు అంతకుముందే వచ్చి ఉన్నారు. సూరతులో జరిగినట్టే ఇక్కడకూడా మొదట అనుమతి, తరువాత గిడ్డంగి, తరువాత కోట. గోల్కొండ ఓడలుకూడా ఐరోపావారి పత్రాలకోసం చేయి చాచినాయి. నూలు వడికినవారు, నేసినవారు, అద్దకం వేసినవారు ఆ పత్రాన్ని ఎన్నడూ కన్నెత్తి చూడలేదు. వారి బట్ట ధరను మాత్రం అది నిర్ణయించింది. ఇరువదవ శతాబ్దంలో తెలంగాణంనుంచి వేలాది పద్మశాలి కుటుంబాలు బ్రతుకుతెరువుకై సూరతు మగ్గాలకు వలసపోయినాయి. ఓడలు పోయిన దారి మరుగుపడినా బట్ట వేసిన దారి మిగిలే ఉన్నది.

రహీమీమీద పయనించిన వేలాది మందిలో ఒక్కరి నోటిమాట కూడా దాని కథగా మనకు దక్కలేదు. పంజరీ స్తంభంమీదనుంచి గోవా ఓడలను చూచి వేసిన కేక ఏ భాషలోనిదో, కర్రానీ లెక్కపుస్తకంలో చివరి పద్దు ఏదో, ఏ గ్రంథమూ చెప్పదు. మిగిలినవి చెరపట్టినవారి కొలతలు, పోటీదారుల ఉత్తరాలు, చక్రవర్తి మౌనం. వీటిని ఎదురెదురుగా పెట్టి చదివినప్పుడే ఓడ కనబడుతుంది. మన చారిత్రక కావ్యాలూ నవలలూ కోటగోడల చుట్టూ తిరిగినంతగా ఓడపలకల మీద తిరగలేదు. రాజ్యాలు చేతులు మారిన ఘట్టాలకు నేలమీద జరిగిన యుద్ధాలనే కారణాలుగా చెప్పుకొనడం అలవాటయింది. ప్లాసీకి నూటనలభై యేండ్ల ముందే, తాపీ తిన్నె వెలుపల, చెల్లవలసిన పత్రం చెల్లకపోయిన ఒక దినాన, నేలను ఏలేవానికి నీటిమీద అధికారం లేదని లోకానికి తెలిసిపోయింది.

డుమస్ తీరాన నేడు ఆ ఓడకు గుర్తు ఏదీ లేదు. ఇసుకతిన్నెలు చోటు మార్చుకొన్నాయి. ఆవలిగట్టున హజీరాలో కొత్త రేవు వెలసి ఉక్కునౌకలు వచ్చిపోతున్నాయి. సరంగు, లంగరు, చుక్కాని అన్న మాటలు మాత్రం తెలుగులో ఇంకా బ్రతికి ఉన్నాయి. పత్రం అడగకుండా, ఒకరికొకరు ఇచ్చుకొన్న మాటలవి.